పన్నీరుతోట గేటు ముందు ఇరవై ఆరు సైకిళ్ళు

వనజాక్షి సైకిలుకు గంట లేదు. ఇరవై మూడేళ్ళుగా మైపాడు రోడ్డు మీద నెల్లూరికి వచ్చిపోతున్నా ఆమె దానికి గంట పెట్టించుకోలేదు. కారణం అడిగితే, గంట కొట్టి తప్పుకోమనడం బతిమాలుకోవడం లాంటిదనీ, వెనుక బరువు బండి వస్తున్నదని తెలిసినవాడు తనంతట తానే తప్పుకోవాలనీ చెప్పింది. ఈ వాదనలో న్యాయం సగమే ఉన్నదని నా అభిప్రాయం. తెలియనివాడికి తెలియజేయవలసిన బాధ్యత బండి తొక్కేవారిదే. అయినా ఆమెను గురించి రాయడానికి కూర్చున్నప్పుడు మొదట గుర్తుకు వచ్చింది ఆ గంట లేని సైకిలే కనుక అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ఆమెది మైపాడుకు ఉత్తరాన, సముద్రపు ఒడ్డున ఉన్న ఉప్పుకట్టపాళెం. వయసు యాభై నాలుగు. భర్త రమణయ్య పడవ మీద వేటకు పోతాడు, వచ్చిన చేపను ఈమె అమ్ముతుంది. పూర్వం గంప నెత్తిన పెట్టుకొని మైపాడు దాకా నడిచి, అక్కడ నెల్లూరు బస్సు ఎక్కేది. ఒకరోజు బస్సులో ఎవరో వాసన అని సణిగితే కండక్టరు బండి ఆపించాడు. నువ్వు ఉండవచ్చు, గంప మాత్రం దిగాలి అన్నాడట. ఆమె గంపతోపాటు దిగిపోయి, మిగిలిన పదకొండు కిలోమీటర్లు నడిచి నెల్లూరు చేరి, చేపంతా అమ్మి, మళ్ళీ నడిచే ఇంటికి వెళ్ళింది. ఆ సాయంత్రమే భర్తను ఒక పాత సైకిలు తెమ్మన్నది.

"బస్సెక్కాలంటే ఒకడి దయ ఉండాల సార్," అని తర్వాత నాతో చెప్పింది. "సైకిలుకైతే గాలుంటే చాలు."

అలలు వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డున తడి ఇసుక గట్టిపడుతుంది. ఆమె సైకిలు నేర్చుకున్నది దాని మీదే. పడినా దెబ్బ తగలదు. తగిలేది చూసేవాళ్ళ నవ్వు మాత్రమే. పన్నెండు రోజులలో నేర్చుకున్నది. పదమూడో రోజున ఊరి పెద్దల నుంచి పిలుపు వచ్చింది.

ఇక్కడ ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. తక్కినదంతా దాని మీదనే ఆధారపడి ఉన్నది. పాళెంలో పెద్దలు ఊరి పేరు మీద ఒక పనిని నిషేధిస్తే దానిని దురాయి అంటారు. దురాయి వేసిన తర్వాత ఆ పని ఎవరూ చేయరు. చేసినవారితో ఎవరూ మాట్లాడరు. కఠినమైన పద్ధతే. అయితే ఉప్పుకట్టపాళెంలో దానికి రెండు షరతులు ఉన్నాయి. ఎవరి మీద దురాయి వేయదలచారో వారు సభ మధ్యలో నిలబడి ఉండాలి. ఫిర్యాదు ఉన్నవాడు ముందుకు వచ్చి, వారి ముఖం చూస్తూ చెప్పాలి. అందుకోసం పెద్ద మూడుసార్లు అడగాలి. మూడుసార్లకూ ఎవరూ రాకపోతే ఆ మాట అక్కడితో పడిపోతుంది. మనిషి లేనప్పుడు వేసిన దురాయి చెల్లదు.

ఆమె సభ మధ్యలో నిలబడింది. ఆడది సైకిలెక్కి ఊరు దాటడం తగదని అప్పటిదాకా ఇంటింటా అన్నవాళ్ళు చాలామందే. పెద్ద మూడుసార్లు అడిగాడు. వెనుక వరుసలలో దగ్గులు వినిపించాయి గాని మనిషి రాలేదు. మర్నాడు తెల్లవారేసరికి వనజాక్షి రెండు గంపలు కట్టుకొని మైపాడు రోడ్డెక్కింది. తర్వాతి నాలుగేళ్ళలో ఆ ఊరి నుంచి మరో ఆరుగురు స్త్రీలు సైకిళ్ళ మీద చేప అమ్మారు. నేడు ఆ ఆరుగురూ సరుకును ఒడ్డునే వ్యాను వ్యాపారికి ఇచ్చేసి, అతను చెప్పిన ధరకు తల ఊపుతున్నారు. ఈమె ఒక్కతే తొక్కుతున్నది. తన చేపకు ధర తాను చెప్పాలన్నదే ఆమె పట్టుదల. అది నిలవాలంటే నెల్లూరులో ఆమె కోసం తెరుచుకునే గుమ్మాలు ఉండాలి. అలాంటి గుమ్మాలలో సగానికి పైగా మా పన్నీరుతోట కాలనీలో ఉన్నాయి.

ఇక నా తప్పు.

నేను బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టి, ఇంగ్లీషు మీడియంలో చదివి, ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో పనిచేశాను. అందులో చివరి పదహారేళ్ళు ప్రమాదాల విచారణ నా పని. అందువల్ల కాలనీలో ఏ తగాదా వచ్చినా కృపాదానం గారిని పిలవండి అంటారు. ఈ ఏడు మే ఇరవై మూడున మా సంఘం అధ్యక్షుడు ప్రసాద్ తల్లి ఉషారాణి గారు ఇంటి ముందు రోడ్డు మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి. రోడ్డు తడిగా ఉన్నదనీ, అంతకు పది నిమిషాల ముందే చేపలమ్మి సైకిలు ఆ దారిన పోయిందనీ ప్రసాద్ చెప్పాడు. వీధి కెమెరా దృశ్యంలో సైకిలు ఉన్నది, సమయం ఉన్నది. నేను రెండు పేజీల నివేదిక రాశాను. సైకిలు మీది పెట్టె నుంచి కారిన ఐసు నీరే ప్రమాదానికి కారణమని తేల్చి సంతకం చేశాను. ఉషారాణి గారు ఆసుపత్రిలో ఉన్నారు కనుక ఆమె తరఫున కుమారుడి మాట తీసుకున్నాను. చేపలమ్మి మాట తీసుకోవాలన్న ఆలోచనే నాకు రాలేదు. జూన్ పదవ తేదీ నాటికి గేటు దగ్గర బోర్డు వెలిసింది: సైకిళ్ళపై చేపలు అమ్మువారికి ప్రవేశం లేదు.

జూన్ మూడో వారంలో ఒక ఉదయం వాచ్‌మన్ పోలేరయ్య మా ఇంటికి వచ్చాడు. వనజాక్షిని గేటు దగ్గర ఆపానన్నాడు. ఆమె గొడవ చేయలేదట. బోర్డు చదివి ఒక మాట అడిగిందట.

"ఈ దురాయి ఎవరు వేసినారు, నన్నెప్పుడు పిలిచినారు అంటా ఉండాది సార్. నేనేం చెప్పేది?"

అది సంఘం నిర్ణయమనీ, అభ్యంతరం ఉంటే కాగితం మీద రాసి ఇమ్మనీ చెప్పమన్నాను. అది సరైన సమాధానమేనని ఆ పూట నేను నిజంగానే నమ్మాను.

జూలైలో మా ఆదివారపు సవారీ నగరం అంచున మైపాడు గేటు అనే కూడలి దాకా వెళ్ళింది. ఈ సవారీని నడిపేది నవోమి అనే ఫిజియోథెరపిస్టు. ఆమె దగ్గర మోకాళ్ళకూ నడుముకూ చికిత్స పొందినవారమూ, వారి స్నేహితులమూ పాతికమందిమి ఆదివారం పొద్దున్నే సైకిళ్ళ మీద నగరం చుట్టివస్తాము. పందెం లేదు, కొలత లేదు. ఉన్నది ఒకటే నియమం. అందరికంటే నెమ్మదిగా పోయేవారు ముందుండాలి. వారిని ఎవరూ దాటకూడదు. అందువల్ల మాలో వెనుకబడిపోయేవారంటూ ఉండరు. అప్పటికి ఐదు నెలలుగా ఆ ముందు స్థానం నాదే. ఇదేమీ గొప్పకు చెప్పడం లేదు.

మైపాడు గేటు దగ్గర టీ కోసం ఆగాము. రోడ్డు పక్కన పట్టా కింద రెండు తెల్ల పెట్టెలు పెట్టుకొని వనజాక్షి కూర్చుని ఉన్నది. ఈగలు తోలడానికి చేతిలో వేపరెమ్మ. బేరం లేదు. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టింది. ఇది నేను ఊహించలేదు.

"కాగితం రాసిచ్చింది మీరంట గదా సార్," అన్నది.

అవునన్నాను.

"ఆయమ్మ పడిన తేదీ ఏంది?"

"మే ఇరవై మూడు."

"మే నెల్లో సముద్రంలో వలేసిందెవురు సార్?"

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేటను ప్రభుత్వం నిలిపివేస్తుంది. ఉప్పుకట్టపాళెంలో అన్నీ మరపడవలే. ఆ రెండు నెలలూ పడవలు ఇసుక మీద బోర్లించి ఉంటాయి. తీరంలో ప్రతి పిల్లకూ తెలిసిన ఈ సంగతి, తీరానికి పాతిక కిలోమీటర్ల దూరంలో నలభై ఏళ్ళుగా చేప తింటున్న నాకు ఒక విచారణ అంశంగా తట్టలేదు.

ఆ రోజు కాలనీకి వచ్చిన మాట నిజమేనని ఆమె ఒప్పుకున్నది. దాచలేదు. తెచ్చినది ఎండు చేప. నెత్తళ్ళు, సావిడాయిలు, గోనె సంచులలో. ఐసు లేదు, పెట్టె లేదు. "ఎండు చేపకు నీళ్ళు తగిల్తే పురుగు పడతాది. నా సంచిలో నించి నీళ్ళు కారి ఉంటే ముందు ఏడవాల్సింది నేను గదా," అని ముగించి, వేపరెమ్మ అందుకొని ఈగల వైపు తిరిగింది.

ఇంటికి వెళ్ళి కెమెరా దృశ్యం మళ్ళీ చూశాను. సైకిలు వెనుక రెండు గోనె సంచులు ఉన్నాయి. పెట్టె లేదు. మొదటిసారి కూడా ఆ సంచులు నా కళ్ళ ముందే ఉన్నాయి. నేను మాత్రం పెట్టె అని రాశాను. చేపలమ్మి అనగానే ఐసు పెట్టెను నా బుర్రే కల్పించింది. పదహారేళ్ళలో ఇటువంటి పని చేసిన కింది అధికారులను నేను నిలదీశాను. ఒకరిద్దరి పదోన్నతులు కూడా ఆగిపోయాయి.

మర్నాడే నివేదికను ఉపసంహరించుకుంటూ ప్రసాద్‌కు లేఖ ఇచ్చాను. అతను చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. దురుసు మనిషి కాడు. కాలనీకి డ్రైనేజీ తెచ్చినవాడు, వరదల్లో రెండు రోజులు నిద్రలేకుండా తిరిగినవాడు. కాని వేసిన అడుగు వెనక్కి తీసుకోలేడు. విషయం ఆ ఒక్క ప్రమాదం కాదనీ, వాసన ఉన్నదనీ, ఇవాళ ఒకరిని రానిస్తే రేపు పదిమంది వస్తారనీ, చేప కావలసినవారు ఫోను చేస్తే వ్యాను గేటు దాకా వస్తుందనీ చెప్పాడు. నేను నగరపాలక సంస్థ కార్యాలయానికి వెళ్ళి మా లేఔటు కాగితాలు తీయించాను. కాలనీ లోపలి రోడ్లన్నీ పదిహేడేళ్ళ కిందటే ప్రజలకు అప్పగించినవి. ఆ గేటు మూయడానికి మాకు ఏ హక్కూ లేదు. దాని నకలును కూడా ప్రసాద్‌కు ఇచ్చాను. అది కూడా జేబులోకే పోయింది.

ఇదంతా నవోమికి చెప్పాను. వచ్చే సవారీ పన్నీరుతోటలో ముగించుదామనీ, ముందు వనజాక్షి ఉంటుందనీ ఆ పిల్ల అన్నది. నాకు ఊరేగింపులంటే గిట్టదు. కేకలు ఉండకూడదనీ, ఎడమ పక్కనే పోవాలనీ, ప్రతి సిగ్నలు దగ్గరా ఆగాలనీ షరతులు పెట్టాను. వనజాక్షిని అడగడానికి మళ్ళీ మైపాడు గేటుకు వెళ్ళాము. ఆమె మా నియమం విని నన్ను ఎగాదిగా చూసింది.

"నెమ్మదిగా పోయేవాళ్ళు ముందా? అట్టయితే ఈ సారే ఉండాల. కాకపోతే మీ కాలనీకి పోయేలోపల నా చేప చెడిపోతాది."

నవోమి నవ్వి, ఈసారికి నియమం మార్చుదామన్నది. బరువు మోసేవారు ముందు. దాటకూడదన్నది మాత్రం మారదు.

"నేను వొస్తా," అన్నది వనజాక్షి. "ఊరికే తిరగను. పెట్టెలు నింపుకోనే వొస్తా. గేటు కాడ మీరెవురూ నా కోసం మాట్లాడబాకండి. సార్ తన తప్పు తాను చెప్పుకుంటే చెప్పుకోనీ. నా మాట నేనే అడగతా."

ఆగస్టు రెండో ఆదివారం. ఆమె వేకువన ఒడ్డున చేప ఎత్తుకొని, ఏడు దాటేసరికి మైపాడు గేటు చేరింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకున్నది. తల మీద తువ్వాలు. క్యారియరు మీద ఒకదానిపై ఒకటి రెండు పెట్టెలు, హ్యాండిలుకు తక్కెడ సంచి. మొత్తం ఇరవై ఆరు సైకిళ్ళు. ఖరీదైన గేరు సైకిళ్ళు ఉన్నాయి, ఒక పిల్లవాడి నుంచి అరువు తెచ్చుకున్న చిన్న సైకిలు ఉన్నది, నాది మా మామగారి కాలం నాటిది.

ఆమె కదిలిన తర్వాతనే మేము కదిలాము. బరువు సైకిలు నడక ఎలా ఉంటుందో నాకు ఆనాడే తెలిసింది. అది వేగం పెంచదు, తగ్గించదు. ఆగితే మళ్ళీ కదలడం కష్టం కనుక సిగ్నలును దూరం నుంచే చూసి, ఎర్ర దీపం పోయే సమయానికి సరిగ్గా అక్కడికి చేరేటట్లు తొక్కుతుంది. ఆగవలసి వచ్చిన చోట ఒక కాలు నేల మీద ఆనించి, సైకిలును తుంటికి వాల్చుకొని నిలబడుతుంది. గేరు సైకిళ్ళ కుర్రకారు మొదట ఆ వేగానికి తట్టుకోలేక బ్రేకులు నొక్కుతూ తూలిపోయారు. అరగంట గడిచేసరికి అందరి కాళ్ళూ ఆమె లయకు వచ్చాయి. మద్రాసు బస్టాండు, ట్రంకు రోడ్డు, గాంధీబొమ్మ సెంటరు. దుకాణాలు ఇంకా తెరవలేదు. ఇడ్లీ బండ్ల దగ్గర నిలబడ్డవారు పొట్లాలు చేతిలో పట్టుకొని చూశారు. వెనుక బస్సు ఒకటి హారను మోగించి, మోగించి, చివరకు మా వేగానికే దిగివచ్చింది.

గాంధీబొమ్మ దగ్గర ఒక ఆటో డ్రైవరు పక్కకు వచ్చి, "ఏందక్కా, చేపలకు ఊరేగింపా?" అన్నాడు.

ఆమె తల తిప్పలేదు. "అవునబ్బయ్యా. పెళ్ళికొడుకు ఐసు మీద ఉండాడు, ముహూర్తం దాటితే కుళ్ళిపోతాడు. పక్కకు జరుగు."

అతను నవ్వుతూ జరిగాడు. జరగడమే గాక, ముందున్న కూడలిలో ఆటోను అడ్డంగా నిలిపి మేము దాటేదాకా వాహనాలను ఆపాడు. అది నిబంధనలకు విరుద్ధం. నేను చూశాను, ఏమీ అనలేదు.

ఎనిమిదిన్నరకు పన్నీరుతోట గేటు చేరాము. అడ్డుకర్ర దించి ఉన్నది. పోలేరయ్య దాని పక్కన నిలబడి తన చెప్పులను చూసుకుంటున్నాడు. ప్రసాద్ ముందే వచ్చి ఉన్నాడు. అతని వెనుక సంఘం సభ్యులు ఏడెనిమిదిమంది, పక్క ఇళ్ళ వరండాలలో మరికొందరు. ప్రసాద్ మర్యాదగానే మాట్లాడాడు. సవారీకి స్వాగతమనీ, లోపలికి వస్తే అందరికీ టీ ఏర్పాటు ఉన్నదనీ, ఆ ఒక్క సైకిలు మాత్రం బయట ఉండాలనీ చెప్పాడు.

ఇరవై మూడేళ్ళ కిందట బస్సులో కండక్టరు చెప్పినదీ ఇంచుమించు ఇదే. వనజాక్షికి కూడా అది గుర్తుకు వచ్చే ఉంటుంది. ఆమె దిగలేదు. కాలు నేలకు ఆనించి, సైకిలును తుంటికి వాల్చుకొని నిలబడింది. ముందున్న సైకిలును దాటకూడదు కనుక మేమూ నిలబడ్డాము. పక్క నుంచి దూరడానికి చోటు ఉన్నా ఎవరూ కదలలేదు. ఇరవై ఆరు సైకిళ్ళు రోడ్డు మలుపు దాకా ఎడమ పక్కన వరుసగా, శబ్దం లేకుండా ఉన్నాయి. పాలవాడు వచ్చాడు, పేపరువాడు వచ్చాడు. వరుసను చూసి ఎందుకో వాళ్ళూ వెనుక నిలబడ్డారు.

నేను దిగి, నా లేఖ నకలును నా జేబు నుంచి తీసి అందరికీ వినపడేలా చదివాను. సంచులను పెట్టె అని రాశానని చదివినప్పుడు వరండాలో ఎవరో నవ్వారు. నవ్వవలసిన విషయమే. చదవడం ముగించి నా సైకిలు దగ్గరకు వెనక్కి వచ్చాను.

అప్పుడు వనజాక్షి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నేను లేనప్పుడు నా మీద దురాయి వేసినారు. మా ఊళ్ళో అది చెల్లదు. మీ ఊళ్ళో చెల్లతాదేమో నాకు తెల్దు. ఇప్పుడు నేనుండా. నా వల్ల నష్టపోయినోళ్ళు ముందుకొచ్చి, నా మొగం చూసి చెప్పండి. చెప్తే ఇట్టనే తిరిగిపోతా, మళ్ళీ ఈ దోవ తొక్కను. మూడుసార్లు అడగతా."

ప్రసాద్ ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే మొదటిసారి అడిగింది. "నష్టపోయినోళ్ళు ఉండారా?"

నాకు భయం వేసింది. ఆమె పందెం చిన్నది కాదు. ఆ గుంపులో వాసన అంటే నిజంగానే గిట్టనివారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఒక్కరు నోరు విప్పితే మాట తప్పే మనిషి కాదు ఆమె. కాలనీలో ఆమె దగ్గర చేప కొనే నలభై ఇళ్ళు పోతాయి. ఆ తర్వాత వ్యాను వ్యాపారి ముందు తల ఊపే ఏడో స్త్రీ అవుతుంది.

రెండోసారి అడిగింది. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. పక్కనున్న భార్య ఆయన వైపు చూసింది. ఆయన వరండా మెట్టు మీద చెప్పు సర్దుకున్నాడు.

మూడోసారి అడిగేలోపల గుంపు వెనుక కదలిక వచ్చింది. ఉషారాణి గారు. కుడి మణికట్టుకు ఇంకా పట్టీ ఉన్నది. ఎడమ చేతిలో స్టీలు గిన్నె. మెల్లగా నడిచి అడ్డుకర్ర దాకా వచ్చారు. ఆమె వెంటే కాలనీ చూపంతా వచ్చింది.

"నష్టపోయింది నేను," అన్నారామె. "పడింది నేను గదా."

వనజాక్షి ముఖం మారలేదు. "చెప్పమ్మా. నా మొగం చూసి చెప్పు."

"మోటారు వేసి మరిచిపోయినాము. మిద్దె మీద ట్యాంకు నిండి రోడ్డు మీదికి పొర్లింది. ఆపుదామని గబగబా వస్తూ ఆ నీళ్ళలోనే జారినాను." కుమారుడి వైపు చూడకుండా చెప్పారు. "నేను పడినానని మాత్రమే చెప్పినా. ఎందుకు పడినావని నన్నెవరడిగినారు? పిల్లోడు అడగలా. కృపాదానం గారూ అడగలా."

అది నిజం. నా నివేదికలో ఇద్దరు స్త్రీలు ఉన్నారు, ఇద్దరినీ నేను వినలేదు. మరి తానుగా ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఆమెను అడగవచ్చు. ఒకనాడు అడిగాను కూడా. మోటారు వేసింది ఎవరో చెప్పవలసి వస్తుందని ఊరుకున్నానని ఆమె సమాధానం. అది మౌనానికి కారణమే గాని సమర్థన కాదు, ఆమెకూ తెలుసు.

వనజాక్షి మూడోసారి అడగడం మానలేదు. పద్ధతి పద్ధతే. "నష్టపోయినోళ్ళు ఇంకెవురన్నా ఉండారా?"

ఎవరూ లేరు.

ప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా నిలబడ్డాడు. ఇది రోడ్డు మీద తేలే విషయం కాదనీ, సర్వసభ్య సమావేశంలో పెడతామనీ, అప్పటిదాకా బోర్డు ఉంటుందనీ అన్నాడు.

"పెట్టండి నాయనా," అన్నది వనజాక్షి. "నన్ను పిలవండి. ముందు కుర్చీలో కూర్చుంటా. పిలవకుండా వేస్తే మాత్రం అది నాకు తగలదు."

నేల మీది కాలు ఎత్తి పెడలు మీద పెట్టింది. పోలేరయ్య ఎవరి ఆజ్ఞా లేకుండా అడ్డుకర్ర పైకి లేపాడు. ప్రసాద్ సరిగ్గా దారి మధ్యలో ఉన్నాడు. బరువు సైకిలు కదిలింది. ఆమె అరవలేదు, తప్పుకోమనలేదు. గంట ఎలాగూ లేదు. రెండు గజాల దూరం ఉండగా అతను పక్కకు జరిగాడు. ఆమె వెనుక ఒక్కొక్కరమే, ఆమె వేగంతోనే, బోర్డు పక్క నుంచి లోపలికి వెళ్ళాము.

మొదటి బేరం ఉషారాణి గారిదే. కానాగంతలు. వనజాక్షి అరుగు మీద కూర్చుని, పొలుసు గీకి, తలలు తీసి, గిన్నెలో వేసి ఇచ్చింది. ధర తగ్గించలేదు.

ఇది జరిగి మూడు నెలలు అయింది. సర్వసభ్య సమావేశం ఇంతవరకూ పిలవలేదు. దాని కోసం నేను రెండు లేఖలు రాశాను, మూడోది రాస్తున్నాను. వనజాక్షి వారానికి ఐదు రోజులు బోర్డు పక్క నుంచే వస్తున్నది, పోతున్నది. మొన్నటి వానకు ఆ బోర్డు ఒక మేకు ఊడి పక్కకు వేలాడింది. ఇదే అదననుకొని పోలేరయ్య దానిని పీకేయబోతుంటే, అటుగా వచ్చిన ఆమె సైకిలు ఆపి వద్దన్నదట. మేకు మళ్ళీ కొట్టించి, సరిగా నిలిచేదాకా చూసి కదిలిందట. ఎందుకని నేను అడిగాను.

"వేసినోళ్ళే తియ్యాల సార్," అన్నది. "నేను ఎదురుగా ఉన్నప్పుడు తియ్యాల."